రిజిస్టరులో రాసిన చేతివాటం

ఇరవై ఏళ్ల పాటు నేను మనుషుల మొహాలు చూడలేదు, వేళ్లు చూశాను. ఇప్పటికీ హిందూపురం బజారులో ఎవరైనా "బాగుండారా మేడం?" అని పలకరిస్తే మొహం చప్పున గుర్తురాదు. ఆ మనిషి చెయ్యి చాపి నాలుగు వేళ్లు గాల్లో ఆడిస్తే మాత్రం, "ఓహో, చిటికెన వేలికి సెలవిచ్చేసిన సుబ్బరత్నానివి కదూ నువ్వు!" అని ఇట్టే పట్టేస్తాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించే ఉద్యోగమంటే అదే. తొంభైలలో హిందూపురంలో మొదలుపెట్టి, కొన్నాళ్లు పెనుకొండకు రైల్లో తిరిగి, రెండు వేల సంవత్సరం దాటిన చాలా ఏళ్లకు ధర్మవరంలో ముగించాను.

నాకు ప్రమోషన్లు రాలేదు కాబట్టి వాటి గురించి రాసే బెడద లేదు. టైపు మిషన్లు కూడా ఎప్పుడో పాత ఇనుము కింద పోయాయి. మరి ఇదంతా ఎందుకంటే, కంప్యూటరు సెంటర్లలోనూ కోచింగుల్లోనూ నేర్పించడానికి కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. "మేడం, ఒకరికి ఒక్కసారి చెబితే వస్తుంది, ఇంకొకరికి వందసార్లు చెప్పినా రాదు, ఎందుకని?" ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అది తెలుసుకునే లోపల ఒక మనిషి బతుకు మీదికి తెచ్చాను. కావాలని కాదు. ఎర్ర సిరాతో, మంచి ఉద్దేశంతో, తెలుగులో ఒక్క మాట రాసి తెచ్చాను.

చెప్పుల డబ్బాలో చేతులు

మా యజమాని నంజుండయ్య సారు. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, కోపం వస్తే రెండూ. సైకిలు షాపు మిద్దె మీద పదకొండు మిషన్లు పెట్టి నడిపేవాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రెండు వైపులా కోసిన చెప్పుల డబ్బాను మిషను మీటల మీద బోర్లించి, అందులో చేతులు దూర్చమనేవాడు. వేళ్లు కనపడకూడదు, కన్ను కాగితం మీదే ఉండాలి. ఏ, ఎస్, డీ, ఎఫ్ అంటూ రోజుకు నలభై వరసలు కొట్టాలి. తప్పు పడినా ఆగకూడదు. ఆఖర్న ఆయన ఎర్ర పెన్సిలుతో తప్పులన్నిటికీ సున్నాలు చుట్టి ఇచ్చేవాడు. డిగ్రీ చదివినవాళ్లకూ పదో తరగతి తప్పినవాళ్లకూ అదే డబ్బా.

నేనూ ఆ డబ్బాలోంచి వచ్చినదాన్నే. కాకపోతే నాకు అక్షరం నోటితో పలికితేగానీ వేలు కదిలేది కాదు. ఏ అంటే చిటికెన వేలు, ఎస్ అంటే ఉంగరపు వేలు, అట్లా నాలో నేను పలుక్కుంటూ కొట్టేదాన్ని.

"ఏమ్మా సుగుణా, ఇదేమన్నా భజన మందిరమా? సాకమ్మా సాకు, నోరు మూసుకోని కొట్టు!" అనేవాడు సారు. సాకు అంటే కన్నడంలో చాలు అని. నోరు మూస్తే నా వేళ్లూ మూతపడేవి. అందుకని ఆయన అటు తిరిగినప్పుడు గొణిగి, ఇటు తిరిగినప్పుడు దగ్గి, ఎలాగో పాసయ్యాను. తర్వాత ఆయనే నన్ను ఇన్‌స్ట్రక్టరుగా పెట్టుకున్నాడు.

పెత్తనం చేతికి రాగానే చేసిన మొదటి తప్పు చెబుతాను. నాకు చెవితో వచ్చింది కాబట్టి లోకమంతటికీ చెవితోనే వస్తుందని తీర్మానించాను. సారు లేనప్పుడు మధ్యలో నిలబడి గొంతెత్తి అక్షరాలు పలికేదాన్ని. పదకొండు మిషన్లూ ఒక్కసారిగా టక్కున మోగేవి. ఎంత సంబరమో చెప్పలేను. కింద సైకిలు షాపులో పంక్చర్లు వేసే మస్తాను కూడా నాతోపాటు పలికేవాడు. మిషను ముట్టకుండానే అతనికి అక్షరాల వరస మొత్తం వచ్చేసింది.

చిలమత్తూరు నుంచి బస్సులో వచ్చే నాగరాజు నాకు అందరికంటే ముద్దు. నా గొంతు వెంట అతని వేళ్లు ఉరికేవి. ఫస్టు క్లాసు ఖాయమని ఊరంతా చెప్పుకున్నాను. పరీక్షలో సగం పేజీ కూడా కొట్టలేదు.

"ఏమప్పా నాగరాజూ, అంత బాగా కొడతాంటివి కదా, ఏమైంది?" అని నిలదీశాను.

"ఏం చేసేది మేడం, ఆడ మీరు లేరు కదా. ఎవురూ పలకలేదు. ఎవురన్నా పలుకుతారేమోనని చూస్తా కూర్చున్యా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, అతని తప్పేమీ లేదు. నాకు వచ్చిన దారినే అతన్ని చెయ్యిపట్టి నడిపించాను, పరీక్ష హాలు గుమ్మం దగ్గర చెయ్యి వదిలేశాను. ఆ తర్వాత మూడు నెలలు నోరు కట్టుకుని అతన్ని కూర్చోబెడితే పాసయ్యాడు. ఆ మూడు నెలలూ అతనికంటే నాకే ఎక్కువ కష్టమైంది.

కన్ను, చెవి, చెయ్యి

సారు పెనుకొండలో ఒక బ్రాంచి తెరిచి నన్ను అక్కడికి పంపాడు. ఆ రోజుల్లోనే అనంతపురంలో రెండు రోజుల శిక్షణ ఉందంటే వెళ్లాను. కోటు వేసుకున్న ఒకాయన గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, మనుషులు మూడు రకాలన్నాడు. కంటితో చూసి నేర్చుకునేవాళ్లు, చెవితో విని నేర్చుకునేవాళ్లు, చేత్తో చేసి నేర్చుకునేవాళ్లు. నేను చెవి, నాగరాజు ఇంకేదో! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే అనుకున్నాను.

తిరిగి రాగానే హాజరు రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా ఎర్ర సిరాతో రాయడం మొదలుపెట్టాను. కన్ను, చెవి, చెయ్యి. ఎవరేమిటో తేల్చడానికి నాకు పది నిమిషాలు చాలు. అంత ధీమా ఉండేది.

వారం తిరక్కుండానే సోమందేపల్లి నుంచి ఒక తల్లి వచ్చింది. చేతిలో మందు చీటీలు.

"మేడం, మా వానికి చెవి అని రాసినారంట. చిన్నప్పుడు చీము కారింది నిజమే, దాచిపెట్టేదేముంది. మందేస్తే వాసయిపోయింది. మళ్లీ ఏమన్నా ఉండాదా?"

"చెవి బాగుందమ్మా. బాగుంది కాబట్టే రాశాను."

"బాగుంటే రాసేదెందుకు మేడం?" అంది. ఆమె వెళ్లేదాకా రిజిస్టరు మూసి పెట్టుకున్నాను.

ఇంకొక మహానుభావుడు, "నాది కన్ను మేడం, నేను సూసి నేర్చుకుంటా" అని వారం రోజులు పక్కవాళ్లు కొడుతుంటే కాళ్లు చాపుకుని చూశాడు. కొట్టమంటే నా రిజిస్టరే నాకు చూపించాడు. మనిషికి పేరు పెట్టామంటే ఆ పేరు మీదే పక్క పరుచుకుని పడుకుంటాడని అప్పుడే అర్థం కావాల్సింది. నిజానికి నా సంగతే చూసుకోవచ్చు. టైపు నాకు చెవితో వచ్చింది. ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయడం అమ్మ చేతులు చూసి వచ్చింది. సైకిలు తొక్కడం మూడుసార్లు పడితే వచ్చింది. మరి నేను ఏ రకం? ఈ ప్రశ్న ఆ రోజుల్లో నన్ను నేను వేసుకోలేదు. ఇతరులకు రకాలు కట్టడంలో తీరిక లేకపోయింది.

ధర్మవరం బ్రాంచికి మారినప్పుడు కొత్త రిజిస్టరు తెరిచాను. చెవి అని ఒట్టిగా రాస్తే జనం రోగమనుకుంటున్నారు కదా, ఏదైనా తగిలిద్దామని ఆలోచించాను. వాటం అన్న మాట దొరికింది. మనిషికి ఒదిగిన తీరును వాటం అంటాం కదా, ఇంతకంటే చక్కని తెలుగు ఉందా? కంటివాటం, చెవివాటం, చేతివాటం. మూడూ పైకి చదువుకుని మురిసిపోయాను.

ఓబులమ్మ

ధర్మవరంలో మాకు మిగిలింది సర్టిఫికెట్టు కోసం వచ్చేవాళ్లే. నేర్చుకోవాలన్న సరదా ఉన్నవాళ్లు పక్కవీధి కంప్యూటరు సెంటరుకు పోతున్నారు. అలా వచ్చింది ఓబులమ్మ. ముప్పై రెండేళ్లుంటాయి. భర్త ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ చనిపోయాడు. ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. గడువులోపల ఇంగ్లీషు టైపు లోయరు గ్రేడు పరీక్ష పాసు కావాలన్నారు, కాకపోతే ఉద్యోగం ఉండదన్నారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్త. అప్పటికే రెండుసార్లు తప్పింది. గడువులోపల మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. అదీ మూడు నెలల్లో.

నిమిషానికి ముప్పై పదాలు కొట్టాలి. ఓబులమ్మ పన్నెండు దగ్గర నిలబడిపోయింది. తెలుగు మీడియంలో ఇంటరు చదివిన మనిషి. ప్రతి ఇంగ్లీషు మాట దగ్గరా ఆగేది.

"అకార్డింగ్లీ అంటే ఏంది మేడం?"

"అర్థంతో నీకేం పని? కొట్టు."

"ఎవుర్ని కొడతాండామో తెలీకుండా ఎట్ల కొట్టేది మేడం?"

ఇలా నవ్విస్తుండేది. కానీ నలభై వరసలు కొట్టి, ఎర్ర సున్నాల కాగితం చేతికి తీసుకున్నప్పుడు ఆమె మొహం చిన్నబోయేది. ఆ కాగితాన్ని మడిచి, ఇంకా మడిచి, బొటనవేలంత చేసి చీర కొంగున ముడి వేసుకునేది.

ఒకరోజు ఆమె మిషనులో రిబ్బను చుట్ట నుంచి ఊడి, మెలికలు పడి, గందరగోళమైంది. నేను విప్పబోతే ఉండమంది. అత్త మోకాళ్ల గురించి నాతో మాట్లాడుతూనే, మిషను వంక చూడకుండానే, ఆ మెలికలన్నీ విప్పి, రిబ్బను రెండు చుట్టలకూ ఎక్కించేసింది. నాకే ఆ పనికి పావుగంట పడుతుంది, చేతులు నల్లగా అవుతాయి.

"యాడ నేర్చుకున్నావు ఇది?"

"నేర్చుకునేదేముండాది మేడం, మగ్గంలో పోగులు చిక్కుపడితే ఇట్లే కదా."

పెళ్లయిన నాటి నుంచి ఆమె పట్టుచీరలు నేస్తోందట. ఉద్యోగం వచ్చాక కూడా పొద్దున్నే రెండు గంటలు మగ్గం మీద కూర్చుంటుందట. నాకు జ్ఞానోదయమైంది. గబగబా వెళ్లి రిజిస్టరు తీసి, ఎర్ర సిరాతో, "ఓబులమ్మ: చేతివాటం" అని రాశాను. సంతోషం పట్టలేక కింద రెండు గీతలు కూడా గీశాను.

ఇది చదివే మీకు ఈపాటికి గుండె గుభేలుమని ఉంటుంది. నాకు అనలేదు. ఎడమచేతివాటం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ముందున్న ఎడమ తీసేసి ఒట్టి చేతివాటం అన్నామంటే, పక్కవాళ్ల వస్తువు కనపడితే సంచిలో వేసుకునే మనిషని అర్థం. పాలు తాగే పిల్లలు తప్ప తెలుగువాళ్లందరికీ తెలిసిన సంగతి ఆ పూట నాకు తట్టలేదు.

రెండు గీతలు

సారు నెలకోసారి వచ్చి బ్రాంచి చూసుకుని పోయేవాడు. ఆ నెల ఆయన వచ్చిన రోజు నేను కాగితాల పార్సెలు విడిపించుకోవడానికి రైల్వే స్టేషనుకు పోయాను. తిరిగి వచ్చేసరికి ఓబులమ్మ మిషను మీద ముసుగు కప్పి ఉంది.

"ఓబులమ్మ యాడ సార్?"

"పంపించేసినా."

"ఎందుకు సార్?"

"బీరువాలో కొత్త రిబ్బన్లు రెండు తక్కువ వచ్చినాయి. ఎవురబ్బా అని రిజిస్టరు తీస్తి." రిజిస్టరు నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. "నువ్వే కదమ్మా రాసినావు, ఎర్రింకుతో! రెండు గీతలు కూడా గీసినావు. నేను ఒక్క గీతకే నమ్మేవాణ్ణి."

నేను రిజిస్టరు లాక్కుని మూసేశాను. "ఆమెకు ఏం చెప్పినారు సార్?"

"ఏమీ అన్లేదమ్మా. పిల్లల తల్లి, మొగుడు లేని మనిషి, దొంగవని మొహం మీద ఎట్లంటా? నీకు టైపు రాదులేమ్మా, రేపట్నుంచి రావద్దు అన్యా. మర్యాదగానే పంపించినా."

దొంగ అని ఉంటే ఓబులమ్మ గొడవ పడేది, నాలుగు మాటలు అని ఉండేది. నీకు రాదు అన్న మాటతో గొడవ పడడానికి ఆమెకు శక్తి ఎక్కడిది? రెండుసార్లు పరీక్ష తప్పి, తనకు తనే రోజూ ఆ మాట చెప్పుకుంటోంది. పరీక్షకు ఇంకా ఆరు వారాలే ఉన్నాయి. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను.

ఏడుస్తూనే మూడు వాటాల సంగతి సారుకు వివరించబోయాను. "వాటాలా? ఎవురికమ్మా వాటాలు? నా ఇన్‌స్టిట్యూట్‌లో వాటాలేంది?" అని ఆయన ఇంకా ఉలిక్కిపడ్డాడు. మొత్తం అర్థమయ్యేసరికి ఆయన ఎక్కాల్సిన సాయంత్రం రైలు వెళ్లిపోయింది. అర్థమైన తర్వాత ఆయన చెప్పుల డబ్బాలు సర్దుతున్నట్టు అటూ ఇటూ తిరిగాడు.

మగ్గం దగ్గర పాఠం

మర్నాడు పొద్దున్నే ఓబులమ్మ ఇంటికి పోయాను. చిన్న ఇల్లు, సగం ఇల్లు మగ్గమే. ఓబులమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. వాళ్ల అత్త గోడకు ఆనుకుని దారం చుడుతోంది.

"రాండి మేడం," అంది ఓబులమ్మ, చెయ్యి ఆపకుండా. "నాకు రాదులే మేడం. సారు చెప్పేసినాడు. ఇంగ మగ్గమే గతి."

"నీకు రాదని కాదు ఓబులమ్మా. తప్పంతా నాది. నేను రిజిస్టరులో నీ పేరు పక్కన ఒక మాట రాశాను, అది సారు వేరే రకంగా అనుకున్నాడు."

"ఏం రాసినారు?"

చెప్పక తప్పలేదు. "చేతివాటం అని."

మగ్గం ఆగిపోయింది. అత్త చేతిలో దారం కూడా ఆగింది.

"నన్ను దొంగని రాసినారా మేడం?" అంది ఓబులమ్మ. "మీ రిబ్బను సక్కగా చేసిచ్చినందుకా? పిల్లోళ్ల మీద ఒట్టు, నేను గుండుసూది గూడా ముట్టలేదు."

రెండు చేతులూ జోడించాను. చేత్తో నేర్చుకునే మనిషివి అని నా ఉద్దేశమనీ, అది పొగడ్త అనీ, మూడు వాటాలున్నాయనీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. అంతా విని అత్త ఒకే ప్రశ్న అడిగింది.

"ఏమ్మా, మీ ఇంట్లో ఎవురికీ తెలుగు రాదా?"

ఓబులమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఇన్‌స్టిట్యూట్‌కు రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపి, మళ్లీ నేయడం మొదలుపెట్టింది. ఏం చేయాలో తోచక అక్కడే కూర్చుని చూశాను.

ఆమె చీర నడుమ చిన్న చిన్న జరీ బొమ్మల బుటాలు వేస్తోంది. నేను వేళ్లు చూసే మనిషిని కదా, ముందు వేళ్లే చూశాను. తర్వాత పెదవులు కనపడ్డాయి. కదులుతున్నాయి. "మూడెత్తు, రెండిడువు, మూడెత్తు, రెండిడువు" అని పోగులు లెక్కపెడుతూ లోలోపల పలుక్కుంటోంది. గుంటలో కాలు ఆ మాటకు తగ్గట్టు తొక్కుతోంది. ఇది చెవా, నోరా, చెయ్యా, కాలా? నేను మాట తప్పుగా రాయడమే కాదు, మనిషిని కూడా తప్పుగానే చదివాను.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక మంచి ప్రశ్న అడిగాను. "ఈ బుటా ఎట్ల నేర్చుకున్నావు ఓబులమ్మా?"

"మా అత్త నేర్పించింది. మొదట్లో అన్నీ తప్పులే. తప్పు పోతానే ఆపేసి, ఆ వరస విప్పేసి, ఆ ఒక్కటే మళ్లీ నేసేది. కుదిరినాకనే ముందుకు పోయేది. తప్పు పెట్టుకోని ముందుకు పోతే ఇంగ చీరంతా తప్పే కదా మేడం."

"మరి మా దగ్గర?"

"మీ ఆడ తప్పు పోయినా ఆపగూడదంటారు కదా. నలభై వరసలు కొట్టినాక సున్నాలు చుట్టిస్తారు. అప్పటికి ఆ తప్పు నా చేతికి అలవాటైపోయింటాది. అర్థం తెలీదు, ఆపేదానికి లేదు. నేనేం చేసేది?"

ఆమె కోపంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పింది. ఇన్ని రోజులు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడగబోయి నోరు మూసుకున్నాను. మేము అడిగితే కదా చెప్పడానికి.

"అయితే టైపును గూడా నేత లాగే నేర్చుకో," అన్నాను. "తప్పు పోయిన చోట ఆపేయి. ఆ ఒక్క మాటే కుదిరేదాకా కొట్టు. అర్థం వద్దు, ఒక్కో మాటా ఒక్కో బుటా అనుకో."

ఆమె మగ్గం వంక చూసింది. అత్తే అంది, "పో పాపా. మగ్గం యాడికీ పోదు. నేను సూసుకుంటా."

ఆరు వారాలు

మర్నాటి నుంచి ఓబులమ్మ మిషను చప్పుడు వేరుగా వినపడేది. కొట్టడం, ఆగడం, అదే మాట మళ్లీ మళ్లీ కొట్టడం. కింద కాలు నేల మీద తడుతుండేది. ఇంగ్లీషులో పదే పదే వచ్చే ముక్కలకు ఆమె పేర్లు పెట్టుకుంది. మాట చివర వచ్చే ఐ, ఎన్, జీ మూడక్షరాల ముక్క మామిడిపిందె. టీ, ఐ, ఓ, ఎన్ నాలుగూ కలిస్తే నెమలి. "ఈ పేజీలో తొమ్మిది నెమళ్లుండాయి మేడం" అని ముందే లెక్క చెప్పేది. అకార్డింగ్లీకి మాత్రం ఏ బుటా కుదరలేదు. దానికి మా సారు పేరు పెట్టింది. కారణం అడిగితే పొడుగ్గా ఉండాదని చెప్పింది.

రెండు వారాలకు పన్నెండు నుంచి పంతొమ్మిదికి వచ్చింది. నెలకు ఇరవై ఏడు.

సారు మళ్లీ వచ్చాడు. ఓబులమ్మ ఆగి ఆగి కొట్టడం విని మొహం ముడుచుకున్నాడు. ఆయన చేతిసంచి తెరిచి రెండు కొత్త రిబ్బన్లు బల్ల మీద పెట్టాడు. "అంతకు ముందు నెల వచ్చినప్పుడు పెనుకొండకని నేనే తీసిపెట్టుకున్యా. సంచిలోనే ఉండాయి," అని గోడకు చెప్పాడు. తర్వాత ఒక రిబ్బను పట్టుకుని ఓబులమ్మ మిషను దగ్గరికి పోయి, పాతది తీసి, కొత్తది స్వయంగా ఎక్కించాడు. ఇన్నేళ్లలో ఆయన ఎవరికీ అలా ఎక్కించగా నేను చూడలేదు. చేతులు నల్లగా అయ్యాయి. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు, మిషను వంకే చూస్తూ.

"మీరు ఎక్కించింది తిరగబడిండాది సార్," అంది ఓబులమ్మ. తనే సరిచేసుకుంది.

పోతూ పోతూ సారు నన్ను పక్కకు పిలిచాడు. "నేర్చుకునేదానికి ఆపొచ్చు. పరీక్షలో ఆపితే పోతాది. అది నేర్పించినావా?" అన్నాడు. నిజం చెప్పాలంటే, నేను నేర్పలేదు. మళ్లీ నాగరాజు కథే జరగబోయింది. ముసలాయన పద్ధతిలోనూ సగం సత్యం ఉంది, నేను విసుగులో మొత్తం పారేశాను. ఆఖరి పది రోజులు చెప్పుల డబ్బా బోర్లించి, తప్పు పడినా ఆగకుండా ఓబులమ్మ చేత కొట్టించాను. "చీర అమ్మేసినాము, ఇంగ విప్పేదానికి లేదు, అట్లనుకోవల్లనా మేడం?" అని అడిగింది. అట్లే అనుకొమ్మన్నాను.

పరీక్ష హాల్లో ఆమె కాలు చప్పుడుకు అక్కడి పర్యవేక్షకుడు వచ్చి గదమాయించాడట. చెప్పులు విడిచి ఒట్టికాలితో తట్టుకుంటూ కొట్టిందట. అకార్డింగ్లీ రెండుసార్లు వచ్చిందని బయటికి రాగానే చెప్పింది.

ఎవరి పేరు పక్కన ఏముంది

ఫలితాల కాగితం వచ్చిన రోజు సారు ధర్మవరంలోనే ఉన్నాడు. ఓబులమ్మ ఆఫీసులో అనుమతి అడిగి పరిగెత్తుకొచ్చింది. సారు కళ్లద్దాలు పెట్టుకుని, నంబర్ల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దిగాడు. మళ్లీ పైనుంచి దిగాడు. మేమిద్దరం ఆయన వేలినే చూస్తున్నాం.

"ఉండాదమ్మా," అన్నాడు. "పాసు."

ఓబులమ్మ నేల మీద కూర్చుండిపోయింది. కొంగున ముడి విప్పి, మడతలు పడిన పాత కాగితాలన్నీ ఒళ్లో పోసుకుని, ఎర్ర సున్నాలన్నిటి మీదా చెయ్యి పెట్టుకుని ఏడ్చింది. నేను కూడా పక్కన కూర్చుని ఏడ్చాను. సారు కిటికీ దగ్గరికి పోయి ముక్కు చీదాడు.

కాసేపటికి ఆమె లేచి రిజిస్టరు అడిగింది. తన పేరు పక్కన నేను ఎప్పుడో కొట్టేసిన మాట చూసింది. "ఇప్పుడు ఏ వాటమని రాస్తారు మేడం?" అంది.

పెన్ను పట్టుకున్నాను కానీ రాయడానికి ఏమీ తోచలేదు. చెయ్యి అందామంటే పెదవులు గుర్తొచ్చాయి, చెవి అందామంటే కాలు గుర్తొచ్చింది. అప్పటి నుంచీ ఏ మనిషికీ నేను రకం కట్టలేదు. కొత్తగా ఎవరు వచ్చినా, నీకు బాగా వచ్చిన పని ఏది, అది ఎట్లా నేర్చుకున్నావు అని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా కూర్చునేదాన్ని. రొట్టెలు కాల్చేవాళ్లూ, గొర్రెలు కాసేవాళ్లూ, క్రికెట్టు ఆడేవాళ్లూ అందరూ ఏదో ఒకటి అప్పటికే నేర్చుకుని ఉంటారు. ఆ నేర్చుకున్న తీరులోనే వాళ్లకు కావలసింది ఉంటుంది. పిల్లలు అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే.

నేను ఆలోచిస్తుండగానే ఓబులమ్మ నా చేతిలో పెన్ను లాక్కుంది. రిజిస్టరు పైన ఇన్‌స్ట్రక్టరు అని ఉన్న చోట, నా పేరు పక్కన, గుండ్రటి అక్షరాలతో ఎర్రగా రాసింది.

"సుగుణ మేడం: నోటివాటం. చెవి కొంచెం తక్కువ."

కింద రెండు గీతలు గీసి, "సరిగ్గా రాసినానా మేడం?" అని అడిగింది.

నేను ఫలితాల కాగితంలో ఆమె నంబరు ఇంకోసారి వెతుక్కుంటున్నాను. "ఏమంటివి?" అన్నాను.

ఓబులమ్మ, సారు ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.